చేపల మేతలో చేపపొడి మానేయవచ్చా?

పర్లాకిమిడి చెరువు: మాది గజపతి జిల్లా. పెద్ద చెరువులో బొచ్చె, శీలావతి, చిన్నదాంట్లో కొర్రమీను వేశాం. మేత ఖర్చు మోయలేకపోతున్నాం. చేపపొడి అస్సలు లేని సోయా మేత అన్ని చేపలకూ సరిపోతుందని ఏజెంటు అంటున్నాడు. నమ్మొచ్చా?

బరంపురం రైతు: వద్దు తమ్ముడూ. చేపపొడిలో మాంసకృత్తులు 60 శాతం పైనే, సోయా చెక్కలో 44–48. పైగా ఆ వాసనకే చేప మేత దగ్గరికి వస్తుంది. తినని మేత అడుగున కుళ్లితే నీళ్లు పాడైపోతాయి. ఖర్చు తగ్గించబోయి పంట పోగొట్టుకోకు.

రాయగడ మేత: అన్నా, బొచ్చెకీ కొర్రమీనుకీ ఒకటే లెక్క కడితే ఎలా? తవుడు, వేరుశనగ చెక్క సంచుల్లో వేలాడగట్టి బొచ్చె, శీలావతి పెంచిన రైతులు ఎంతమంది లేరు? అందులో చేపపొడి ఎక్కడుంది?

అయితే ఏజెంటు మాటా పూర్తిగా నిజం కాదు. శాతం ఒక్కటే చూడకూడదు. మాంసకృత్తుల్లో చేప ఎదుగుదలకు తప్పనిసరైన అమైనో ఆమ్లాలు అనే భాగాలుంటాయి. వాటిలో మెథియోనిన్ సోయాలో తక్కువ. వేరుశనగ చెక్కలో దాంతోపాటు లైసిన్ అనే మరొకటి కూడా తక్కువే. అందుకే ఒకే చెక్క మీద ఆధారపడకుండా రెండు మూడు కలపాలి. నేను మా వైపు దొరికే వలిసెల చెక్క కూడా కొంత కలుపుతాను. పచ్చి సోయాలో అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, సరిగ్గా వేడి చేస్తే చాలావరకు పోతుంది. ఇంకొకటి, గింజల్లోని భాస్వరం ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. అది చేపకు అందక చెరువులోకే పోతుంది. ఫైటేజ్ అనే ఎంజైమ్ కలిపితే ఆ నష్టం తగ్గుతుంది. ఏజెంటును ఇవి అడుగు. బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం చవగ్గా వచ్చినా కొనకు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

గోపాలపూర్ ఒడ్డు: మా వైపు మాట కూడా వినండి. కవళ్ల లాంటి చిన్న చేప పేదవాళ్ల కూర. ఎండబెట్టి సంతలో అమ్ముకుంటే మా ఆడవాళ్లకు నాలుగు డబ్బులు. అదే చేప పొడి మిల్లుకు పోతే ఇటు కూరా లేదు, అటు బేరమూ లేదు. గింజ తిని పెరిగే బొచ్చెకు సముద్రపు చేపను పొడి చేసి పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

బరంపురం రైతు: మీ బాధ అర్థమైందండీ. కానీ కొర్రమీను మాంసం తినే చేప. దానికి 40 శాతం పైన మాంసకృత్తులు కావాలి. చెక్కతో పెంచమంటారా?

రాయగడ మేత: అక్కడ మీ మాట ఒప్పుకుంటాను. కొర్రమీను పిల్ల దశలో చేపపొడి తీసేయమని నేను చెప్పను. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగుల పొడిలో 40 శాతం దాకా మాంసకృత్తులున్నాయి. కాకపోతే కొవ్వు ఎక్కువ, నూనె తీసింది కొనాలి. మనకు ఇక్కడ సులువుగా, చవగ్గా దొరికితేనే ఆ సంగతి ఆలోచించాలి. అలాగని చేపపొడి ధరనూ నమ్ముకోలేం. 2023లో పెరూలో చేపపొడికి వాడే ఆంకోవీ అనే చిన్న చేపల వేట మొదటి సీజన్ రద్దయితే ప్రపంచమంతా ధర ఎగిసింది.

బరంపురం రైతు: బొచ్చె మేత కూడా ఒక్కసారిగా మార్చొద్దు. పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ పో. సంచిలో ఎంత మిగిలిందో రోజూ చూడు.

పర్లాకిమిడి చెరువు: సరే అన్నా. పెద్ద చెరువులో మేత మెల్లగా మారుస్తాను, కొర్రమీనుకు పాత మేతే. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా వాళ్లనూ ఒకసారి అడిగి, తర్వాతే ఏజెంటుకు ఆర్డర్ ఇస్తాను.