సోదాకు ఒప్పుకోని ములాఖత్‌కు వచ్చినవారిని జైలు సిబ్బంది నిర్బంధించవచ్చా?

కావలి పట్టణానికి చెందిన సభ్యుడు:
చెముడుగుంట కేంద్ర కారాగారానికో, ఒంగోలు జిల్లా జైలుకో ములాఖత్‌కు వెళ్లే ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండవలసిన విషయం కనుక అడుగుతున్నాను. సోదాకు ఒప్పుకోని బంధువును పోలీసులు వచ్చేదాకా కూర్చోబెట్టే అధికారం జైలర్‌కు ఉందా? ఉందనే నమ్మకం మా వైపు బలంగా ఉంది.

నెల్లూరు న్యాయవాది:
లేదని నా అభిప్రాయం. 1894 నాటి కారాగారాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం జైలర్ సందర్శకుడి పేరు, చిరునామా అడగవచ్చు. అనుమానానికి ఆధారం ఉంటే సోదా చేయవచ్చు, చేయించవచ్చు. ఆ సోదా ఖైదీల ఎదుటగానీ, మరో సందర్శకుడి ఎదుటగానీ జరగకూడదు. వరుసలో నిలబెట్టి అందరి ముందూ ఒళ్లు తడమడం ఎంత అవమానమో చట్టం రాసినవారు ఆనాడే గుర్తించారు. ఒప్పుకోనివారికి ప్రవేశం నిరాకరించవచ్చు, నిరాకరిస్తే అందుకు కారణాలను వివరాలతో సహా రికార్డులో నమోదు చేయాలి. ఆ సెక్షన్ అక్కడితో ఆగింది.

ఒంగోలు, విశ్రాంత జైలు ఉద్యోగి:
న్యాయవాది గారు 20వ సెక్షన్‌ను వదిలేశారు. నిషిద్ధ వస్తువు తెస్తున్నట్టు అనుమానం ఉన్న ఎవరినైనా గేటు కీపర్ ఆపి సోదా చేయవచ్చని అది చెబుతోంది. ఒక్క సెల్‌ఫోన్ లోపలికి చేరితే సాక్షిని బెదిరించడానికి చాలు. సంచి బిగించి పట్టుకున్న మనిషిని అలాగే పంపేస్తే, ఆ వస్తువు రేపు మరొకరి చేతుల్లో వస్తుంది.

నెల్లూరు న్యాయవాది:
అయ్యా, మీ ఆందోళన న్యాయమైనదే. అయితే 20వ సెక్షన్ ఆపమన్నది సోదా కోసమే కనుక, అది ముగిశాక ఆపి ఉంచడానికి ఆధారం లేదు. అరెస్టు సంగతి 43వ సెక్షన్‌లో విడిగా ఉంది. నిషిద్ధ వస్తువు తెచ్చినందుకు 42వ సెక్షన్ మూలపాఠం విధించేది గరిష్ఠంగా 6 నెలల జైలు, లేదా 200 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ నేరం అధికారి కళ్లెదుటే జరిగినా, చేసినవాడు పేరు, నివాసం చెప్పనప్పుడు, లేదా చెప్పినవి అబద్ధమని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు మాత్రమే 43వ సెక్షన్ కింద అతన్ని అరెస్టు చేయవచ్చు, చేశాక అనవసర జాప్యం లేకుండా పోలీసుకు అప్పగించాలి. వస్తువుతో పట్టుబడినవారి విషయంలోనే ఇంత కట్టడి పెట్టిన చట్టం, ఏమీ దొరకనివారిని గంటల తరబడి కూర్చోబెట్టనిస్తుందని ఎలా అనగలం?

ఒంగోలు, విశ్రాంత జైలు ఉద్యోగి:
43వ సెక్షన్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ 200 రూపాయల జరిమానాకు భయపడేవారెవరు? శిక్ష పెంచకుండా సిబ్బంది చేతులు మాత్రమే కట్టడం అన్యాయం.

నెల్లూరు న్యాయవాది:
శిక్ష పెంచమని శాసనసభను అడుగుదాం, నేనూ మీతో సంతకం పెడతాను. నిర్బంధించే అధికారాన్ని మాత్రం గేటు దగ్గర ఎవరికి వారు కల్పించుకోవడానికి వీల్లేదు.