పీజీఎల్‌ఎస్ పెట్టగానే రిజల్ట్ మాయమైంది, ఏది నమ్మాలి?

పిట్టలదొర:
అన్నలూ అక్కలూ కొంచెం హెల్ప్ చేయండి. నల్లమల వైపు రికార్డ్ చేసిన పక్షుల కూతల మీద పని చేస్తున్నా, మొత్తం 41 జాతులు, ఒక్కోదానికి సగటు బరువు, కూతలో పీక్ ఫ్రీక్వెన్సీ (అన్నిటికంటే గట్టిగా పలికే స్థాయి) ఉన్నాయి. రెండిటికీ లాగ్ తీసి మామూలు రిగ్రెషన్ వేస్తే గీత భలే దిగింది, బరువు పెరిగేకొద్దీ కూత మంద్రంగా అయిపోతోంది, పీ వాల్యూ (సంబంధమే లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.001 కంటే తక్కువ. పొంగిపోయి మా గైడ్‌కి చూపిస్తే ఆయన "ఇవన్నీ చుట్టాలు కదయ్యా, ట్రీ ఏది?" అని ఒక్క మాట అని కాఫీకి వెళ్లిపోయారు. సరేనని బర్డ్‌ట్రీ సైట్ నుంచి ట్రీ (పక్షుల వంశవృక్షం) దించుకుని ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఏప్, ఎన్‌ఎల్‌ఎంఈ ప్యాకేజీలు పెట్టి కార్‌బ్రౌనియన్‌తో జీఎల్‌ఎస్ (చుట్టరికాన్ని కూడా లెక్కలోకి తీసుకునే రిగ్రెషన్, అదే పీజీఎల్‌ఎస్) రన్ చేశా. స్లోప్ దాదాపు సున్నా, పీ వాల్యూ 0.6. ఏదో మెసేజ్ కూడా వచ్చింది గానీ నంబర్లు వచ్చాయి కదా అని పట్టించుకోలేదు. ఇప్పుడు ఏది నిజం? నాలుగు నెలల ఫీల్డ్ వర్క్ గంగలో కలిసినట్టేనా?

గట్టుమీదగువ్వ:
గంగలో ఏం కలవలేదు గానీ మీ గైడ్ అన్నది కరెక్టే. ఊళ్లో సర్వే అని చెప్పి ఒకే ఇంట్లో అన్నదమ్ములు పదిమందినీ అడిగొచ్చి పది అభిప్రాయాలు అని రాసుకుంటే ఎలా ఉంటుందో మీ 41 కూడా అలాంటివే, గువ్వలు మూడు నాలుగు ఉంటే అవన్నీ వాటి ముత్తాత దగ్గర్నుంచి ఆ మంద్రపు గొంతు తెచ్చుకున్నవే, విడివిడిగా ఏదీ కనిపెట్టలేదు. 1985లో పరిణామ శాస్త్రవేత్త ఫెల్సెన్‌స్టైన్ చూపించింది ఇదే, 40 జాతులు, 20 చొప్పున రెండు వంశాలు, ఏ వంశం లోపల చూసినా బరువుకీ ఇంకోదానికీ సంబంధం ఉండదు, రెండు గుంపుల్నీ కలిపి గీత గీస్తే మాత్రం బ్రహ్మాండమైన కోరిలేషన్. నిజానికి అక్కడ జరిగింది ఎప్పుడో ఒక్కసారి వచ్చిన తేడా, మనం దాన్ని 40 సార్లు లెక్కపెడుతున్నాం. అందుకే ఆయన జాతుల్ని వదిలేసి కొమ్మ చీలిన ప్రతిచోటా రెండు పక్కల తేడా తీసుకోమన్నాడు, అంటే 41 జాతులకి 40 కాంట్రాస్టులు వస్తాయి. బ్రౌనియన్ మోడల్ (లక్షణాలు కాలంతో పాటు యాదృచ్ఛికంగా మారుతూ పోతాయనే లెక్క) కింద పీజీఎల్‌ఎస్ ఇచ్చే స్లోప్, ఆ కాంట్రాస్టుల్ని ఆరిజిన్ గుండా గీస్తే వచ్చే స్లోప్ ఒకటే.

మీ డేటాలోనే చూసుకోండి. కాకి, జెముడు కాకి ఇంచుమించు ఒకే తూకం. కానీ జెముడు కాకి పేరుకే కాకి, అది కోకిల వంశం, పొదలో కూర్చుని ఊప్ ఊప్ అంటే కుండలో నోరు పెట్టి అన్నట్టు ఉంటుంది. బరువొక్కటే గొంతుని డిసైడ్ చేస్తే ఆ రెండూ అంత తేడాగా అరవవు.

లెక్కలబావ:
పైన చెప్పింది బాగుంది కానీ అసలు సంగతి అది కాదు అనుకుంటా. దొరా, ఆ మెసేజ్ ఏంటి? "కోవేరియేట్ ఇవ్వలేదు, డేటాఫ్రేమ్‌లో వరస ప్రకారం జాతుల్ని తీసుకుంటున్నా" అనే టైపులో ఉందా? ఉంటే నీ రిజల్ట్ చెత్తబుట్టలో వెయ్యి. నీ షీట్ అక్షరక్రమంలో ఉంటుంది, ట్రీ కొసలు ఇంకో వరసలో ఉంటాయి, ఫామ్ అనే ఆర్గ్యుమెంట్ దగ్గర జాతుల పేర్ల కాలమ్ ఇవ్వకపోతే అది మొదటి రోని మొదటి కొసకి అంటగట్టేస్తుంది. నీ తేనెపిట్టకి గుడ్లగూబ చెల్లెలైపోయి ఉంటుంది. రో నేమ్స్ పెట్టాను కదా అంటావేమో, అది వాటిని చూడదు. నేనూ ఇలాగే ఒక చాప్టర్ మొత్తం రాసేశాక తెలుసుకున్నా, ఆ రోజు అన్నం తినలేదు.

ఇంకోటి, కార్‌బ్రౌనియన్ అంటే లామ్డా (చుట్టరికం ప్రభావం ఎంతో చెప్పే అంకె) 1 అని నువ్వే ఫిక్స్ చేసేస్తున్నావ్, మామూలు రిగ్రెషన్ అంటే లామ్డా 0 అని ఫిక్స్ చేస్తున్నావ్. రెండిటి మధ్యా ఎక్కడుందో డేటానే చెప్పనీ, కార్‌పేజెల్ వాడు, లేదా కేపర్ ప్యాకేజీలో పీజీఎల్‌ఎస్ పెట్టు, అందులో పేర్లు మ్యాచ్ చేశాకే పని మొదలవుతుంది. చాలామంది ముందు బరువుకి విడిగా, ఫ్రీక్వెన్సీకి విడిగా లామ్డా చూసి, సిగ్నల్ (చుట్టాలు ఒకేలా ఉండే గుణం) ఉంది కాబట్టి ట్రీ వాడాం అని రాస్తారు, అది తప్పు, చూడాల్సింది రెసిడ్యువల్స్‌లో (గీత నుంచి ఒక్కో జాతి ఎంత తప్పిందో ఆ తేడాల్లో) ఉందా లేదా అని. రెండు ట్రైట్లలో బలంగా ఉండి రెసిడ్యువల్స్‌లో ఏమీ లేకపోవచ్చు కూడా.

పిట్టలదొర:
బావా దండం! అదే మెసేజ్, అక్షరం పొల్లు పోలేదు. ఫామ్ ఇవ్వబోతే ముందు పేర్లే కలవలేదు, నా షీట్‌లో స్పేస్, ట్రీలో అండర్‌స్కోర్, అది కాక జంగిల్ బాబ్లర్‌కి నేను ఆర్గ్యా అని కొత్త పేరు రాశాను, ట్రీలో ఇంకా టర్డాయిడిస్ స్ట్రియాటానే. అన్నీ సరిచేసి కార్‌పేజెల్‌తో రన్ చేస్తే లామ్డా 0.8, స్లోప్ మళ్లీ మైనస్‌లోకి వచ్చింది, మొదటి దాంట్లో సగమే అనుకోండి, పీ వాల్యూ 0.02. గువ్వలూ జెముడు కాకీ మాత్రం గీతకి బాగా కింద పడున్నాయి. ఆ ఐదింటినీ తీసేస్తే ఇంకా నీట్‌గా వస్తుంది, తీసేయనా?

లెక్కలబావ:
తీస్తే తంతా. గీత మీద కూర్చోలేదని పిట్టని తీసేస్తారా ఎక్కడైనా, వాటి గొంతు ఎందుకలా ఉందో డిస్కషన్‌లో రాయి. గీతని ఎంత లాగుతున్నాయో తెలియాలంటే తీసి ఒకసారి రన్ చేసి సప్లిమెంట్‌లో పెట్టు, మెయిన్ రిజల్ట్ మాత్రం 41తోనే.

గట్టుమీదగువ్వ:
ఒక్క ట్రీతో ఆపేయకండి. 2012లో వచ్చిన ఆ బర్డ్‌ట్రీలో 9,993 జాతులున్నా డీఎన్‌ఏ ఉన్నవి 6,663 మాత్రమే, మిగతావాటిని వర్గీకరణ చూసి వాటి బంధువుల మధ్య ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టారు, అందుకే సైట్ ఒక ట్రీ కాకుండా వేలకొద్దీ ఇస్తుంది. ఒక 100 దించుకుని లూప్‌లో పెట్టండి, స్లోప్ ఎంత ఊగుతుందో తెలుస్తుంది. మీ 41లో డీఎన్‌ఏ లేనివి ఎన్నున్నాయో కూడా చూసుకోండి, గైడ్ కాఫీ తాగి వచ్చాక అడిగేది అదే.