పాత పలక మీద ఇనుప ముక్కలు నిలవడం లేదు, కింద పొడి రాలుతోంది

అడిగింది: ఎండుకాయ
పాత తలుపు పలక మీద తుప్పు పట్టిన మడత బందులు, తాళం కప్పలు, ఎండు కాయలు పెట్టి గోడకు తగిలించే బొమ్మ చేస్తున్నాను. తెల్ల చెక్క జిగురుతో అంటించిన ఇనుము ఊడిపోతోంది. ఇనుము తగిలిన చోట చెక్క నల్లబడింది. పైగా పలక కింద సన్నటి పొడి రాలుతోంది. వార్నిష్ కొట్టేస్తే ఇవన్నీ ఆగుతాయా?

రంపంపొట్టు
వార్నిష్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఆ పొడి సంగతి చూడాలి. పలకను తట్టి దులిపి, కింద నల్ల కాగితం పరిచి కొన్నాళ్లు కదపకుండా ఉంచండి. మళ్లీ పొడి పడితే లోపల పురుగు బతికే ఉన్నట్టు. పైన కనిపించే చిల్లులు పురుగు బయటికి వెళ్లిపోయిన దారులు. వాటిని మైనంతో పూడ్చినంత మాత్రాన లోపలి పిల్ల పురుగు చావదు, వార్నిష్‌తోనూ అంతే.

ముక్క ఫ్రీజర్‌లో పట్టేదైతే పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, -18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజు చుట్టు విప్పొద్దు, విప్పితే చల్లటి చెక్క మీద తేమ దిగుతుంది. పట్టనిదైతే వేడి పెట్టాలి: చెక్క నడిమధ్య 56 డిగ్రీలకు చేరి, 30 నిమిషాలు అక్కడే నిలవాలి. పైపైన వేడెక్కితే చాలదు. ఎండు కాయలకూ ఫ్రీజర్ పద్ధతే మేలు. వాటిలోనూ పురుగు ఉంటుంది.

ఇనుపరజను
జిగురు గురించి. తెల్ల జిగురులోని నీరు చెక్కలోకి ఇంకితేనే పట్టు వస్తుంది, ఇనుములోకి ఇంకదు కదా. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు తీసుకోండి. అయితే వదులు తుప్పు మీద పూస్తే అది తుప్పునే పట్టుకుంటుంది, పొరతో సహా ఊడి వస్తుంది. తుప్పు రంగు ముందువైపు ఉంచుకోండి, అందం అక్కడే. వెనకవైపు మాత్రం తీగ బ్రష్‌తో, తర్వాత 80 నంబరు ఎమిరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడవండి.

బరువైన బందులకు జిగురును నమ్మొద్దు. తేమను బట్టి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, ఇనుము కదలదు. అందుకే ఒక చివర స్క్రూ బిగించి, రెండో చివర చిల్లును కాస్త కోలగా సాగదీసి వాషర్ పెట్టండి.

నలుపుకు కారణం చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం. తేమ తగిలితే ఇనుముతో కలిసి నల్లబడుతుంది. బిగించే ముందు ఇనుము వెనక వార్నిష్ ఒక పూత వేయండి, స్క్రూలు ఇత్తడివి తీసుకోండి.

ఎండుకాయ
ఇప్పటికే పడ్డ నల్ల మచ్చలు పోతాయా? కాయలు ఎండాయో లేదో ఎలా తెలుస్తుంది?

రంపంపొట్టు
ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కలిపి పూస్తే మచ్చ చాలావరకు తేలికపడుతుంది. అది విషం, గ్లవ్స్ తప్పనిసరి. తర్వాత నీళ్లతో బాగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరిన మరకను మాత్రం పొడిగా రుద్దొద్దు, ఆ ధూళి ముక్కులోకి వెళ్తుంది. కాయలను వంటింటి త్రాసు మీద రోజూ తూయండి. బరువు తగ్గడం ఆగాకే అంటించండి, పచ్చిగా ఉండగా వార్నిష్ వేస్తే లోపల బూజు పడుతుంది.