ఖిపు ముడుల్లో 7, 8, 9 స్పష్టంగా రావాలంటే ఏ దారం?

పెరూలోని కుస్కో బడి పిల్లలకు ఇంకాల భాష కెచువాలో అంకెలు నేర్పేందుకు, ఇంకాలు దారాలకు ముడులు వేసి లెక్కలు దాచిన ఖిపును గోడకు వేలాడే కళాకృతిగా కడుతున్నాం. పైన వందలు, మధ్యలో పదులు, అడుగున ఒకట్లు. సున్నాకు ముడి ఉండదు, ఖాళీ వదలాలి. పదులకూ వందలకూ మామూలు ముడుల వరస, ఒకట్ల స్థానంలో 1కి ఎనిమిది ఆకారపు ముడి. ఇవి బాగానే కుదిరాయి.

చిక్కంతా 2 నుంచి 9 వరకు వేసే పొడుగు ముడితోనే. ఎన్ని చుట్లో అంత అంకె. కానీ కాంచిస్ (7), పుసాక్ (8), ఇస్కోన్ (9) దగ్గర చుట్లు ఒకదానిపై ఒకటి ఎక్కి లెక్క తప్పుతోంది. అల్పాకా ఉన్ని నూగు చుట్లను కప్పేస్తోంది. నూలుకు గంజి పెడితే ముడి బిగియదు. పురికి ఎదురు దిశలో చుడితే దారం వదులవుతోంది.

2 మి.మీ. నూలు దారాన్ని గట్టిగా పేనితే సరిపోతుందా? ముడిని తడిపి బిగించాలా? దయచేసి చేసి చూసినవాళ్లు చెప్పండి. ఖిపు పిల్లల వేళ్లకు అందాలి, అద్దాల పెట్టెలో ఉంటే చాలదు.