భార్య పోయిన మిత్రుడు గడప దాటడం లేదు: మేము ఎలా తోడుండాలి?

ప్రశ్న: గట్టు మాస్టారు, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. డెబ్బై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న మేము ఐదుగురం మిత్రులం చాలాకాలంగా తెల్లవారకముందే కోటిలింగాల రేవు దగ్గర కలుసుకొని, గోదావరి గట్టు వెంట పుష్కర రేవు దాకా నడిచి, టీ తాగుతూ పేపరులోని వార్తల మీద కాసేపు వాదించుకొని ఇళ్లకు చేరుతూ వచ్చాము. మాలో ఒకరు బ్యాంకు అధికారిగా పదవీ విరమణ చేసినవారు. మాఘమాసంలో ఆయన భార్య కాలం చేశారు. కుమారుడు అమెరికాలోను, కుమార్తె బెంగళూరులోను ఉన్నారు. పెద్దకర్మ ముగిసిన తరువాత కొద్ది రోజులుండి ఇద్దరూ వెళ్లారు. కుమార్తె తన దగ్గరకు రమ్మని ఎంత బతిమాలినా ఆయన ఈ ఇల్లు వదలి రానన్నారు.

అప్పటినుంచి ఆయన నడకకు రావడం మానేశారు. మధ్యాహ్నం కర్రీ పాయింటు నుంచి తెప్పించిన కూరతో నాలుగు మెతుకులు తిని, రాత్రి చాలాసార్లు మజ్జిగతో సరిపెడుతున్నారు. మనిషి బాగా చిక్కిపోయారు. ఎన్నో ఏళ్లుగా షుగరు, బీపీ మాత్రలు వాడుతున్నారు. వాటిని వేళకు చేతిలో పెట్టింది ఆవిడే. ఈ మధ్య రాత్రివేళ బాత్రూముకు వెళుతూ కళ్లు తిరిగి పడ్డారు. ఎముకలేవీ విరగలేదు గాని, పిల్లలకు చెప్పవద్దని మా చేత మాట తీసుకున్నారు.

మేము వెళ్లినప్పుడు మర్యాదగా కూర్చోబెడతారు, "బాగానే ఉన్నాను" అంటారు, రేపటినుంచి వస్తానంటారు, రారు. సంవత్సరీకం అయ్యేదాకా ఆయన్ను కదిలించకపోవడమే మర్యాద అని మాలో ఒకరి వాదన. చేయి పట్టుకొని లాక్కురావాలని మరొకరిది. ఆ కళ్లు తిరగడం దిగులు వల్లనా, జబ్బు వల్లనా? ఆయన అభిమానం దెబ్బతినకుండా మేము చేయగలిగింది ఏమిటి? పడిన సంగతి పిల్లలకు చెప్పాలా, ఇచ్చిన మాట నిలుపుకోవాలా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత వైద్యుడు, కర్నూలు

మాస్టారూ, ఆయనకు దిగులు ఉండడం సహజమే గాని, కళ్లు తిరిగి పడడాన్ని దాని ఖాతాలో వేసి ఊరుకోవద్దు. మీరు రాసినదానిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది, తిండి సగానికి తగ్గినా షుగరు మాత్ర పాత మోతాదులోనే పడుతుండవచ్చన్న సంగతి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మనిషి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి కనుక, రాత్రి మజ్జిగతో పడుకున్నవారికి అర్ధరాత్రి వేళ రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకంటే కిందికి దిగిపోవచ్చు. పడుచువారినైతే చెమటలు, వణుకు, గుండెదడ ముందే హెచ్చరిస్తాయి. పెద్ద వయసులో ఆ హెచ్చరికలు మందగించి, తూలిపడడమో, తికమకగా మాట్లాడడమో మొదటి గుర్తుగా కనిపించవచ్చు. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే కళ్లు తిరిగినప్పుడల్లా చూసి రాసిపెట్టమనండి. అంకె 70కి తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్లీ చూసుకొని, సరిపడ్డాక ఏదైనా తినాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

నాకున్న రెండో అనుమానం, లేచి నిలబడగానే బీపీ పడిపోతున్నదేమోనని. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూసి, నిలబడిన తరువాత ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూసినప్పుడు, పై అంకె 20 గాని కింది అంకె 10 గాని తగ్గితే కారణం దొరికినట్లే అనుకోవచ్చు. బరువు తగ్గినవారికి పాత బీపీ మోతాదు ఎక్కువైపోవడం, ప్రోస్టేటు కోసం వాడే టామ్సులోసిన్, నిద్రమాత్రలు, వయసుతో దాహం మందగించి నీళ్లు తక్కువ తాగడం, ఇవన్నీ కలిసి ఈ పని చేస్తాయి. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రను ఏళ్ల తరబడి వాడినవారిలో విటమిన్ బి12 తగ్గి పాదాలు మొద్దుబారి నడకలో నిలకడ పోవడమూ ఉంది. అందుచేత ఆయన వాడే ప్రతి మాత్రనూ, నొప్పుల మందులను, ఆయుర్వేద మందులను కూడా, ఒక సంచిలో వేసుకొని ఆయన వెంట మీలో ఒకరు డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆయన గాని మీరు గాని సొంతంగా ఏ మాత్రనూ ఆపవద్దు.

ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు, కమోడు పక్క గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ, పడుకునే ముందు నేల పొడిగా తుడవడం, వీటికి పెద్ద ఖర్చు కాదు. ఇక కాళ్ల సత్తువ విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవారికి నడకతోపాటు వారంలో కనీసం మూడు రోజులు నిలకడను, కండబలాన్ని పెంచే వ్యాయామం చేయమని చెప్పింది. నడక బృందాలవారు ఈ రెండో భాగాన్ని సాధారణంగా వదిలేస్తారు. డాక్టరు చూసిన తరువాత, గోడకు ఆనించిన కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టించండి.

దుఃఖం జబ్బు కాదు. అయితే తిండి, నిద్ర, దేనిమీదనూ ఆసక్తి లేకుండా రోజులు గడుస్తున్నా, "ఇంకెందుకీ బతుకు" అన్న మాట వినిపించినా ఆలస్యం చేయవద్దు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే, ఏ వేళనైనా మాట్లాడవచ్చు.

జవాబు: హనుమకొండ అమ్మమ్మ

అన్నయ్యగారూ, నేనూ కొన్నేళ్ల క్రితం మావారిని పోగొట్టుకున్నదాన్నే కనుక, పరామర్శ అందుకునేవారి వైపు నుంచి కొన్ని మాటలు చెబుతాను. "ఎలా ఉన్నారు?" అని అడిగితే "బాగానే ఉన్నాను" అన్న జవాబు తప్ప మరొకటి రాదు. "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి" అని అందరూ అంటారు. ఎవరినీ ఏమీ అడగబుద్ధి కాదు. నాకు మేలు చేసినది మా వెనకింటి ఆవిడ. ఆమె పరామర్శ మాటలేవీ లేకుండా గోంగూర కట్టలు పట్టుకొని వచ్చి, ఆకు కోయడానికి చేయి సాయం కావాలని కూర్చునేది. పని చేస్తూ ఉంటే మాట దానంతటదే వస్తుంది, రాకపోయినా ఇబ్బంది ఉండదు. మీరు నలుగురూ ఆయన ఎదురుగా వరుసగా కూర్చుంటే ఆయనకు అది ఇంటర్వ్యూలా ఉంటుంది. ఒక్కొక్కరు వెళ్లండి, ఏదో ఒక పని మీద వెళ్లండి. ఆయన బ్యాంకు మనిషి కదా. మీ డిపాజిట్ల కాగితాలు, పన్ను మినహాయింపు కోసం ఇచ్చే ఫారాలు ఆయన చేత చూపించుకోండి. సాయం పొందేవాడిగా కాక చేసేవాడిగా ఉన్న గంటసేపు మనిషి నిటారుగా కూర్చుంటాడు.

పోయినావిడ పేరు ఎత్తడానికి భయపడకండి. బాధపెడతామేమోనని అందరూ ఆమె ఊసు తప్పిస్తే, ఆ ఇంట్లో ఆమె అసలు బతకనే లేదన్నట్లు ఉంటుంది. ఆమె పెట్టిన కాఫీ సంగతో, మీ ఆవిడతో కలిసి వెళ్లిన తీర్థయాత్ర సంగతో మామూలుగా ప్రస్తావించండి. కన్నీళ్లు వస్తే రానివ్వండి.

సంవత్సరీకం దాకా కదిలించవద్దన్న మీ మిత్రుడి మాట నాకు నచ్చలేదు. ఏటి సూతకమని పండుగలకు, శుభకార్యాలకు దూరంగా ఉండేవారి పట్టింపును గౌరవించవలసిందే; కాని గట్టు మీద నడక శుభకార్యం కాదు, టీ కొట్టు గుడి కాదు. చేయి పట్టుకొని లాగడం కూడా వద్దు. తెల్లవారుజామున గట్టు మీద పాత బృందాన్నంతా ఒక్కసారి ఎదుర్కోవడం ఆయనకు కష్టం కావచ్చు, అందరూ పరామర్శిస్తారు. సాయంత్రం ఆయన వీధి చివరిదాకా ఒక్కరే తోడు వెళ్లండి.

భోజనం గురించి. రోజూ మీ ఇళ్లనుంచి క్యారేజీ పంపితే, ఆ అభిమానస్థుడు నాలుగో రోజున వద్దంటారు. అంతకంటే వారానికి ఒకటి రెండు పూటలు ఆయన వంటింట్లోనే కలిసి వండుకొని తినండి. (మీ ఐదుగురిలో ముద్దపప్పు వండగలిగినవారు ఎందరో ముందు తేల్చుకోండి.) కర్రీ పాయింటు కూరలో నూనె, ఉప్పు ఉన్నంతగా మాంసకృత్తులు ఉండవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి కనుక 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు పడతాయి. గుడ్డుకు 6 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పుకు 22 గ్రాముల దాకా వస్తాయి. ఉత్త మజ్జిగన్నంతో ఆ లెక్క తేలదు. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరునడిగి పెట్టండి. ఎలక్ట్రిక్ కుక్కరులో పెసరపప్పు కిచిడీ, ఉడికించిన గుడ్లు, పెరుగు, ఈ మూడూ ఆయన స్వయంగా చేసుకోవడం నేర్చుకుంటే సగం గండం గడిచినట్లే. మా తరం మగవారికి స్టవ్ ముట్టించడం నేర్పకుండా పెంచినందుకు ఇప్పుడు ఈ వయసులో ఫలితం అనుభవిస్తున్నారు.

జవాబు: న్యూజెర్సీలో ఉంటున్న కొడుకు

మాస్టారుగారూ, మీ మూడో ప్రశ్నకు అవతలి వైపు ఉన్నవాడిగా జవాబిస్తున్నాను. పిల్లలకు తెలియాలి. అయితే ఆయన వెనకాల కాదు. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? ఆదివారం దాకా చూస్తాను" అని ఆయన ముఖం మీదే చెప్పండి. అప్పుడు మీరు మాట తప్పినవారూ కారు, దాచినవారూ కారు. మేము వీడియో కాల్ చేసినప్పుడు నాన్న ముఖం కనిపిస్తుంది, పక్కన మనవలు ఉంటారు, ఆయన నవ్వుతారు. ఫ్రిజ్‌లో ఏముందో, చొక్కా ఎంత వదులైందో కనిపించవు. ఆ లోటు తీర్చగలిగినది ఊళ్లో ఉన్న మీలాంటివారే.

చెప్పేటప్పుడు దయచేసి "మీరు ఎప్పుడొస్తున్నారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దు. జరిగిందేమిటో, డాక్టరు ఏమన్నారో, ఇప్పుడు ఏం కావాలో చెబితే మేము ఇక్కడినుంచే చాలా చేయగలం. ఇంటి రెండో తాళంచెవి పక్కింటివారి దగ్గర ఉంచడం, లోపలి గడియకు బదులు బయటనుంచి కూడా తాళంచెవితో తెరవగలిగే తాళం పెట్టించడం, మాత్రల చీటీని ఫోటో తీసి అందరి ఫోన్లలో ఉంచుకోవడం మొదట చేయవలసినవి. ఆయనను అడగకుండా ఇంట్లో కెమెరాలు పెట్టే పని మాత్రం పిల్లల్ని చేయనివ్వకండి. అభిమానం ఉన్న మనిషి దాన్ని కాపలాగానే చూస్తాడు.

జవాబు: ట్రెజరీ మిత్రుడు, శ్రీకాకుళం

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా రాస్తున్నాను. ఆయన ఖాతాలన్నిటిలో నామినీ భార్యే అయివుంటారు. బ్యాంకు మనిషే అయినా సొంత కాగితాలు ఇలాంటి సమయంలో చూసుకోరు, మార్పించండి. పింఛనుదారులు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇంటినుంచే పంపవచ్చు, పోస్టుమ్యాన్ ఇంటికి వచ్చి కూడా చేస్తారు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది.

అన్నిటికంటే ముఖ్యంగా, ఒంటరిగా ఉన్న పెద్దవారిని వెతికి మరీ "డిజిటల్ అరెస్టు" పేరుతో బెదిరించే ముఠాలున్నాయి. వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి మీలో ఒకరికి చెప్పమని ఆయనతో ముందే ఒప్పందం చేసుకోండి; డబ్బు పోతే గంటలు గడవకముందే సైబరు నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి. ఇతర అవసరాలకు వృద్ధుల సహాయ నంబరు 14567 ఉంది.

గట్టు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. సంచి నిండా మాత్రలతో ఆయనను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాము. రాత్రి వేసుకునే షుగరు మాత్ర ఆపించారు, బీపీ మాత్ర తగ్గించారు, బి12 పరీక్షకు రాశారు. దారిలో ఆయనే కుమార్తెకు ఫోన్ చేసి సంగతి చెప్పారు, ఆదివారం దాకా ఆగవలసిన అవసరం రాలేదు. అమ్మా, మీరు అడిగిన లెక్క తేల్చుకున్నాము: ముద్దపప్పు వచ్చినవాడు ఒక్కడే, అదీ ఆయనే, చిన్నతనంలో హాస్టలులో నేర్చుకున్నారట.

సాయంత్రం వీధి చివరిదాకా వస్తున్నారు. గట్టు మీదకు మాత్రం ఇంకా రానంటున్నారు. ఎందుకని నిలదీస్తే, అక్కడ నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే ఒక్క ముక్కా వినపడక ఊరికే తల ఊపవలసి వస్తున్నదని, ఆవిడ ఉన్నప్పుడు ఇంటికి వెళ్లి ఆమెకు చెప్పి నవ్వుకునేవాడినని అన్నారు. మాకెవరికీ ఈ సంగతి తట్టలేదు. దీనికేం చేయాలి, డాక్టరుగారూ?

విశ్రాంత వైద్యుడు, కర్నూలు

ముందు చెవిలో గులిమి గట్టిపడి ఉందేమో చెవి డాక్టరు చేత చూపించండి. కొందరికి అది తీయించడంతోనే సరిపోతుంది. కాకపోతే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించి, అవసరమైతే వినికిడి యంత్రం పెట్టించండి. దీన్ని వయసు లక్షణమని తీసిపారేయవద్దు. మతిమరుపు జబ్బుకు దారితీసేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవిగా లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో పేర్కొన్న 14 కారణాలలో వినికిడి లోపం ఒకటి.

యంత్రం పెట్టిన కొత్తలో గిన్నెల చప్పుడు, ఫ్యాను రొద కూడా పెద్దగా వినిపించి చిరాకు పుడుతుంది, చాలామంది ఆ వారంలోనే దాన్ని సొరుగులో పడేస్తారు. రోజూ కాసేపు ఇంట్లో పెట్టుకొని, ఒక్కరితో మాట్లాడుతూ అలవాటు చేసుకొని, ఆ తరువాతే గట్టు మీదకు తీసుకురండి. సరిగా అమరకపోతే సర్దడానికి మళ్లీ మళ్లీ ఆడియాలజిస్టు దగ్గరకు వెళ్లవలసి ఉంటుంది, అప్పుడు కూడా మీలో ఒకరు వెంట ఉండండి. ఈలోగా ఆయనకు ఎదురుగా నిలబడి, అరవకుండా, నెమ్మదిగా, ఒకరి తరువాత ఒకరు మాట్లాడండి. పేపరు వార్తల మీద వాదించేటప్పుడు అది మీ నలుగురికీ కష్టమేనని నాకు తెలుసు.