షీఓక్ ఆడచెట్టో మగచెట్టో పూతకు ముందే తెలుస్తుందా?

నమస్కారమండీ. మేం అడిలైడ్‌లో ఉంటాం. ఐదేళ్ల కిందట పెరట్లో నాలుగు డ్రూపింగ్ షీఓక్ మొక్కలు నాటాం. మన బాపట్ల సరుగుడుకి దగ్గరి చుట్టమే. ఆకుల్లా వేలాడేవి నిజానికి సన్నటి రెమ్మలు, అసలు ఆకులు కణుపుల దగ్గర చిన్న పళ్లలా ఉంటాయి. గాలికి అదే హోరు, వింటే ప్రాణం లేచొస్తుంది.

వీటిలో ఆడ, మగ చెట్లు వేరు. రెండింటికి రెమ్మల చివర్లలో గోధుమరంగు పుప్పొడి వచ్చింది, అంటే మగవే. మిగతా రెండూ ఇంకా పూయలేదు. కాయలు ఆడచెట్టుకే కాస్తాయి. కంగారూ ఐలాండ్‌లో గ్లాసీ బ్లాక్ కాకటూలు (చిలుక జాతి పక్షులు) దాదాపు ఈ గింజల మీదే బతుకుతాయి. గింజలు తీసి మరిన్ని మొక్కలు పెంచాలని నా ఆశ. పూతకు ముందే గుర్తుపట్టే మార్గం ఉందా? లేదంటే ఇప్పుడే ఇంకో రెండు నాటమంటారా? పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.