గోడౌన్‌లో నడుం నొప్పులు: అందరికీ బెల్టులు కొంటే సరిపోతుందా?

మేడ్చల్_డే_షిఫ్ట్:

మాది మేడ్చల్ దగ్గర కిరాణా సరుకుల గోడౌన్. నేను పగటి షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఒకవైపు లారీల నుంచి 26 కిలోల బియ్యం బస్తాలు, నూనె టిన్నులు దించుతారు, ఇంకోవైపు ఆడవాళ్లు టేబుళ్ల దగ్గర నిలబడి ఆన్‌లైన్ ఆర్డర్లు ప్యాక్ చేస్తారు. ఈ మధ్య రోజూ ఎవరో ఒకరు నడుం పట్టేసిందని సెలవు అడుగుతున్నారు. దించే కుర్రాళ్లు ఎక్కువమంది పాతికేళ్ల లోపువాళ్లే, బస్తా దింపి ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని వాళ్లు లేవడం చూస్తుంటే బాధేస్తోంది. మేనేజ్‌మెంట్ వాళ్లు అందరికీ నడుం బెల్టులు కొనిస్తాం, పొద్దున్నే కాస్త ఎక్సర్‌సైజులు చేయించు అంటున్నారు. చేయించడానికి నాకేం అభ్యంతరం లేదు, కానీ దాంతో తగ్గుతుందా? కొంచెం బడ్జెట్ ఉంది, కన్వేయర్లు పెట్టేంత కాదు. దేని మీద ఖర్చు పెట్టమంటారు?

సేఫ్టీ_పటాన్‌చెరు:

బెల్టుల మీద పెట్టకండి సార్. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ దుకాణాల్లో సరుకు మోసే తొమ్మిది వేల మందికి పైగా ఉద్యోగుల మీద అధ్యయనం చేసి 2000లో ఫలితం ప్రచురించింది. రోజూ బెల్టు కట్టుకున్నవాళ్లకీ కట్టుకోనివాళ్లకీ నడుం దెబ్బల్లో తేడా ఏమీ కనపడలేదు. పైగా బెల్టు ఉంది కదా అని ఇంకాస్త బరువు ఎత్తేస్తారు, అది నేను కళ్లారా చూస్తున్నదే.

బస్తా ఎంత బరువు అన్నది ఒక్కటే చూస్తే లాభం లేదు, ఎత్తేటప్పుడు అది ఎక్కడ ఉందో చూడాలి. అదే సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, బరువు ఒంటికి దగ్గరగా, నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, నడుం మెలి తిప్పకుండా, చేతికి మంచి పట్టు దొరికితే ఎత్తదగ్గది 23 కిలోలు. మీ బస్తా అక్కడే దాటిపోయింది. అదే బస్తా చీలమండల నుంచి అర మీటరు ముందుకు ఉంటే ఆ 23 సగమైపోతుంది, నేల మీద నుంచి ఎత్తాలంటే మిగిలిన దాంట్లో ఇంకో 22 శాతం పోతుంది. అంటే సుమారు 9 కిలోలు. ప్యాలెట్ (బస్తాలు పేర్చే చెక్క పలక) అవతలి వరసలో కింది బస్తా అందుకునేవాడి పరిస్థితి సరిగ్గా ఇదే.

అందుకని నేను ముందు కొనమనేది సిజర్ లిఫ్ట్ టేబుల్, ఒక్కటైనా సరే. దాని మీద ప్యాలెట్ పెట్టి, బస్తాలు తగ్గేకొద్దీ పైకి లేపుకుంటూ పోవచ్చు. ప్యాలెట్‌కి ఒకవైపే నిలబడి అటు వంగకుండా నాలుగు వైపులా తిరిగే దారి వదలండి. ఇక ర్యాకుల్లో బరువైనవీ రోజూ కదిలేవీ తొడ నుంచి ఛాతీ మధ్య అరల్లోకి మార్చండి, టిష్యూలు, చిప్స్ లాంటివి పైకి పోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. ఎక్సర్‌సైజులు మంచివే, చేయించండి, కానీ వీటికి బదులుగా మాత్రం కాదు.

ముఠా_మేస్త్రీ_మిర్యాలగూడ:

పై సార్ చెప్పింది నిజం. రైసు మిల్లుల్లో పెరిగినవాణ్ణి, ఇప్పుడు ముఠా చూసుకుంటున్నా. పాత హమాలీ ఎవడూ నేల మీది బస్తా ఒంటరిగా ఎత్తడు తమ్ముడూ. ఇద్దరు చెరో పక్క పట్టి అందిస్తే మూడోవాడు వీపు మీదికి తీసుకుంటాడు, లేదంటే లారీ అంచు నుంచి నేరుగా భుజానికెక్కించుకుంటాడు. మీ గోడౌన్లలో కుర్రాళ్లకి ఇది నేర్పేవాళ్లే లేరు, ఒక్కడే వంగి లాగుతుంటాడు. ఇప్పటి ప్లాస్టిక్ సంచి గోనె లాగా పట్టు ఇవ్వదు, జారుతుంటే వేళ్లతో బిగించి పట్టాలి, దాంతో మణికట్టూ పోతుంది.

ఇంకోటి, 2022 జులైలో 25 కిలోల దాకా లేబుల్ వేసిన బియ్యం బస్తాలకి జీఎస్టీ వచ్చాక మిల్లులు 26 కిలోలకి మారాయి. పన్ను తప్పింది గానీ ఆ కిలో వచ్చి మోసేవాడి మీదే పడింది.

మీ కాంట్రాక్టరు బస్తాకింత అని లెక్క కడుతున్నాడా, రోజు కూలీనా? అది ముందు కనుక్కో. బస్తా లెక్కయితే తోడు మనిషి కోసం ఎవడూ ఆగడు, ఆగితే డబ్బు పోతుంది కదా. నువ్వు ఎన్ని టేబుళ్లు కొన్నా వాడు పరిగెత్తుతూనే ఉంటాడు. ఇద్దరు మనుషుల జతకి ఇంత అని కట్టించు, అప్పుడు చూడు.

ప్యాకింగ్_శంషాబాద్:

అన్నా, అందరూ బస్తాల గురించే మాట్లాడుతున్నారు, ప్యాకింగ్ వాళ్ల సంగతి కూడా చూడండి. మా దగ్గర టేబుళ్లన్నీ ఒకే ఎత్తు. పొట్టిగా ఉన్నవాళ్లు భుజాలు పైకి లేపి టేప్ వేయాలి, పొడుగువాళ్లు మెడ వంచాలి, సాయంత్రానికి ఇద్దరికీ నొప్పే. టేబుల్ మోచేతికి కొంచెం కిందగా ఉండాలి. పొట్టివాళ్లకి కాళ్ల కింద వెడల్పుగా, కదలకుండా ఉండే చెక్క మెట్టు వేయించండి, నిలబడే చోట సిమెంట్ నేల మీద మందపాటి రబ్బరు మ్యాట్ పరవండి. ఎత్తు స్టూళ్లు నాలుగు పెట్టినా చాలు, ఒకరి తర్వాత ఒకరు కాసేపు కూర్చుంటారు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలు కల్పించాలని చట్టాలే మార్చారు. మనకి చట్టం చెప్పేదాకా ఆగడం ఎందుకు?

ఇంకా ముఖ్యమైంది, బాత్రూమ్ ఎంత దూరంలో ఉంది? వెళ్లి వచ్చేసరికి టార్గెట్ తగ్గుతుందని మాలో చాలామంది నీళ్లే తాగరు. ఎండాకాలం రేకుల షెడ్డులో అలా ఉంటే కళ్లు తిరుగుతాయి, యూరిన్ ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. హర్యానాలోని మానేసర్‌లో ఒక గోడౌన్‌లో సరుకు దించడం అయ్యేదాకా నీళ్లకీ బాత్రూమ్‌కీ వెళ్లబోమని పనివాళ్లతో ప్రతిజ్ఞ చేయించారన్న వార్త మీద 2024లో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసు ఇచ్చింది. ఆ సమయాన్ని టార్గెట్ లెక్కలోంచి తీసేయమని మీరు గట్టిగా అడగండి, సూపర్‌వైజర్ అడిగితే వింటారు.

కోవెంట్రీ_తెలుగోడు:

నేను ఇక్కడ చదువుకుంటూ వేర్‌హౌస్‌లో పార్ట్ టైమ్ చేస్తున్నా. బ్రిటన్ సేఫ్టీ శాఖ వాళ్ల బొమ్మ ఒకటి ఉంటుంది, అది ప్రింట్ తీసి మీ గోడకి అంటించుకోవచ్చు బ్రో. మగవాళ్లకి నడుం ఎత్తులో ఒంటికి దగ్గరగా 25 కిలోలు, అదే నేల దగ్గర 10, నేల దగ్గర చేతులు చాపి అయితే 5. ఆడవాళ్లకి నడుం దగ్గర 16, నేల దగ్గర 7. బొమ్మ కాబట్టి చదువు రానివాళ్లకి కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. గంట రెండు గంటలకోసారి పని మార్చడం కూడా బాగా పనిచేస్తుంది, దించేవాణ్ణి కాసేపు స్కానింగ్‌కి పంపండి. కానీ స్కానర్‌లో పని వేగం పడిపోగానే పైవాళ్లు వచ్చి నిలదీస్తే ఇవేవీ నిలబడవు.

మేడ్చల్_డే_షిఫ్ట్:

అందరికీ థాంక్స్. మాకు బస్తా లెక్కే, మేస్త్రీ గారు సరిగ్గా పట్టుకున్నారు. జత లెక్క గురించి రేపు మాట్లాడతాను. ఇంకో డౌట్, ఒక కుర్రాడికి బస్తా ఎత్తుతుంటే నడుం కలుక్కుమని ఇప్పుడు కాలు కిందిదాకా లాగుతోందట. కాంట్రాక్టరు మాకు సంబంధం లేదంటున్నాడు.

సేఫ్టీ_పటాన్‌చెరు:

సంబంధం ఉంది. జీతం నెలకి 21,000 లోపు ఉంటే, ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తించే చోట కాంట్రాక్టు మనిషికైనా ఈఎస్ఐ ఉండాల్సిందే. అతని జీతంలోంచి 0.75 శాతం కట్ అవుతోందా లేదా స్లిప్‌లో చూడండి. పని చేస్తుండగా తగిలిన దెబ్బగా నమోదైతే, ఎన్నాళ్లు చందా కట్టాడన్నదానితో పని లేకుండా జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. మామూలు జబ్బు సెలవుగా రాస్తే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజుల దాకానే, దానికి ముందు చందా రోజులు కూడా నిండాలి. అందుకే యాక్సిడెంట్ రిజిస్టర్‌లో తేదీ, టైమ్, ఏం ఎత్తుతుండగా జరిగింది, ఎవరు చూశారు అన్నవి ఈరోజే రాయించండి. ఇక కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎలా ఉందో ఇక్కడ రాయండి.